గుడ్డపీలిక కట్టిన చిక్కుడు కొమ్మ

నా చిన్నప్పుడు, ఒక చలికాలమంతా ఇబ్రహీంపట్నంలో సగం ఊరికి నేనే చిక్కుడుకాయ తినిపించాను. గంపలకు గంపలు కోసేవాణ్ణి. ఈ సంగతి నేను చెప్పని చుట్టం లేడు.

నిజానికి ఆ పందిరి మాది కాదు, పక్కింటి అక్కది. నులకమంచం కన్నా కాస్త పెద్దది, అంతే. ఒక్క తీగ. పక్కన నాలుగు టమాట మొక్కలు, చిన్న మెంతి మడి. చలికాలంలో మా రెండిళ్ల కూరా అక్కడిదే.

ఆ చిక్కుడు గింజలు అక్క పెళ్లయి వస్తుంటే కందుకూరులో వాళ్లమ్మ కొంగున కట్టి ఇచ్చినవి. వాళ్లమ్మ కిందటి ఎండాకాలమే పోయింది. పుట్టింట్లో ఆ తీగ కూడా లేదు. శివరాత్రి దగ్గరపడింది, పూత ఆగిపోయింది, తీగ ఎండుతోంది. అక్క ఒక కొమ్మకు పాత చీర పీలిక కట్టింది. పీలిక కట్టిన కాయలు విత్తనానికి. వాటిని ఎవరూ కోయరు.

ఆ రోజు అక్క కూలికి పోతూ, "రెండిళ్లకు కూరకు కొయ్యి. గా పీలిక కొమ్మ మాత్రం ముట్టకు" అంది. అవ్ అన్నాను. ఎంత కోసినా తట్ట నిండలేదు. నిండు తట్ట చూపించి అమ్మ చేత మెప్పు పొందాలని నా ఆశ. మంచి కాయలన్నీ ఆ కొమ్మకే ఉన్నాయి. పీలిక విప్పి గుంజ మీద వేసి, అవీ కోసేశాను. అమ్మ చూడకుండానే తుంచి వండేసింది.

అన్నం తింటుంటే, నేనెంత పని చేశానో అర్థమైంది. సాయంత్రం దాకా వాకిట్లోనే కూర్చున్నాను. కొడవలి చంకన పెట్టుకుని అక్క వస్తుంటే ఎదురెళ్లాను.

"మేక తిన్నదక్కా" అన్నాను, అడగకముందే.

అక్క పందిరి దగ్గరికి పోయి, గుంజ మీది పీలిక తీసి చూసింది.

"ముడి ఇప్పి, పీలిక గుంజకేసి తిన్నదారా మేక?"

కొడుతుందనుకున్నాను. అక్క అక్కడే కూలబడింది.

"మా అమ్మది నా తాన గిదొక్కటే ఉండెరా."

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. నేనే కోశానని చెప్పేశాను. అక్క కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. ఇద్దరం ఆకు ఆకూ తిప్పి వెతికాం. పొద్దు గుంకే వేళకు, పెంకుల మీదికి పాకిన తీగ చివర ఒకే ఒక్క కాయ కనిపించింది. అక్క పీలిక నా చేతికిచ్చింది.

"నువ్వే కట్టు. ఎండేదాక నువ్వే చూస్కో."

ఆ పది రోజులు నేను ఆటకు పోలేదు. పొద్దున్నే నిచ్చెనెక్కి కాయ మీది మంచు తుడిచేవాణ్ణి, నల్లబడి కుళ్లుతుందేమోనని. ఒకసారి ఆ తీగ మీదే రామచిలుక వాలింది. రాయి విసిరితే కాయకే తగలొచ్చు. అరిస్తే బెదిరి కాయనే తెంపుకుపోవచ్చు. అది కాయ పక్కనున్న ఆకును కొరికి, ఎగిరిపోయింది. నేను నిచ్చెన మీదే కాసేపు కళ్లు మూసుకున్నాను.

చివరికి ఎండిన కాయను అక్క నా చెవి దగ్గర ఆడించింది. లోపల గింజలు గలగలమన్నాయి. నాలుగు గింజలు. తొలకరికి నాలుగూ నా చేతులతోనే నాటాను. నాలుగూ మొలిచాయి.

ఇప్పటికీ నా పెరట్లో చిక్కుడు కాతకు రాగానే, కూరకు కోయడానికన్నా ముందు ఒక కొమ్మకు పీలిక కడతాను. కట్టేటప్పుడల్లా అక్క అలా కూలబడడం కళ్ల ముందుకొస్తుంది.

ఇదంతా రాసి, ఎనభై దాటిన అక్కకు చదివి వినిపించాను. చివరిదాకా విని, అంది:

"నాలుగెక్కడియిరా? ఒక్కటే మొలిచింది. కడమ మూడు, మొలకొచ్చిందా లేదా అని దినాం తవ్వి చూసి నువ్వే చంపినవ్."