మావయ్య బండికి గుంత కావాలి

బండి నడిపే ప్రతివాడూ గుంతను చూసి తప్పుకుంటాడు. మా మావయ్య గుంతను వెతుక్కుంటూ వెళతాడు. ఆయన గురించి ఈ ఒక్క ముక్క తెలిస్తే చాలు, తక్కినదంతా అందులోంచే వస్తుంది.

"మావయ్యా, కుడిపక్క రోడ్డు నున్నగా ఉంది, అటు పోనివ్వు" అంటాను నేను.

"నున్నగా ఉంటే నాకెందుకే? ఎడంపక్క చూడు, ఎంత చక్కటి గుంతో!"

స్టీరింగు ఎడమకు తిరుగుతుంది. దభీమని దిగుతాం, ఠపీమని లేస్తాం. నా తల పైకప్పుకు కొట్టుకుంటుంది. ఆయన మొహం ఒక్క క్షణం వెలిగి, అంతలోనే ఆరిపోతుంది. "చాల్లేదమ్మడూ. ఇంకా లేవాలి. అయిపోయింది, గుంతల కాలం అయిపోయింది" అని నిట్టూరుస్తాడు. ఈ ఊళ్ళో ఉద్యోగం వచ్చి వాళ్ళింట్లో దిగిన కొత్తలో, నన్ను ఆఫీసుకు దింపుతానంటే ఎంత మంచి మావయ్యో అనుకున్నాను. వారం తిరక్కుండా బస్సెక్కడం మొదలుపెట్టాను.

బండి నాలుగు చక్రాలూ లాగే పాతకాలం జీపు. అత్తయ్య దాన్ని 'నా సవతి' అంటుంది. దాని వెనక ఇరుసు దగ్గర లావుపాటి సిలిండరు ఒకటుంటుంది. వెనక బరువు వేస్తే బండి కుంగుతుంది కదా. కుంగిన బండి కాసేపు ఎగిరెగిరి పడుతూ పోతే, ఆ కుదుపులకే సిలిండరు లోపలి నూనె, చేతిపంపు కొట్టినట్టు, ఎక్కి వెనకభాగాన్ని మెల్లగా మళ్ళీ మట్టానికి ఎత్తుతుంది. కుదుపు లేకపోతే లేవదు. అందుకని గుంతలు.

"అసలు బరువే వెయ్యకపోతే కుంగదు కదా?" అని ఒకరోజు అడిగాను.

మావయ్య నావైపు జాలిగా చూశాడు. "బరువు వెయ్యకపోతే ఇంక బండెందుకే?"

అందుకని ప్రతి గురువారం పొద్దున్నే ఇసుక సంచులు ఎక్కించేవాడు. మామూలు గోనె సంచులు కావు. మందపాటి గుడ్డతో, జంట కుట్టుతో, పట్టుకోవడానికి పిడులు పెట్టి కుట్టిన సంచులు. అవి వేసుకుని ఊళ్ళో గుంతలన్నీ దర్శించుకుని, బండి ఆపి, వెనక తలుపు తీసి, జేబులోంచి గోళీ తీసి లోపల నేలమీద పెట్టేవాడు. గోళీ దొర్లితే మళ్ళీ గుంతలకు బయల్దేరేవాడు. దొర్లకపోతే ఎటో వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగొచ్చేవాడు. ఎటని అడిగితే "సిలిండరుకు వ్యాయామం" అనేవాడు. రిటైరయ్యేదాకా మిల్లు గేటు దగ్గర లారీలు తూచిన మనిషి, బరువుల పిచ్చి పోలేదనుకుని అత్తయ్య, నేను అడగడం మానేశాం.

ఇక శత్రువు సంగతి. మావయ్యకు లోకంలో ఒక్కడే శత్రువు, మా వీధి చివర దర్జీ. రిటైర్మెంటు సభకని కుట్టించుకున్న ప్యాంటు ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి వచ్చింది. స్టేజీ మీద దండేసుకున్న ఫోటోలో ఆ పొట్టికాలు ఇప్పటికీ కనిపిస్తుంది. మావయ్య నడివీధిలో నిలబడి "ఈ జన్మలో నీ మొహం చూడను" అన్నాడు. "ఈ జన్మలో నీ కొలత తియ్యను" అన్నాడు దర్జీ. తర్వాత దర్జీ అటకమీంచి పడి, నడుము దెబ్బతిని, చక్రాల కుర్చీకి అతుక్కుపోయాడు. వీధంతా వెళ్ళి పలకరించింది. మావయ్య వెళ్ళలేదు. "రాతిగుండె మనిషి" అని అత్తయ్య ముక్కు చీదింది.

ఇలా ఉండగా ఊరంతా కొత్త రోడ్లు మొదలై, ముందుగా మా వీధికే రోలరొచ్చింది. ఆ రోజు మావయ్యను చూడాలి. కంకర పోస్తున్న ప్రతిచోటా ఆత్మీయుణ్ణి సాగనంపుతున్నట్టు నిలబడ్డాడు. ఆఖరికి వీధి చివర రోలరుకు అడ్డంగా వెళ్ళాడు.

"బాబ్బాబు, ఈ ఒక్కటీ వదిలెయ్యి నాయనా."

"ఏది సార్?" అన్నాడు రోలరు డ్రైవరు.

"ఈ గుంత. నీ పుణ్యం ఉంటుంది."

డ్రైవరు కిందికి దిగి, గుంతలో ఏదైనా పడిపోయిందేమోనని వంగి చూశాడు. ఏమీ కనిపించకపోయేసరికి భయపడి వదిలేశాడు.

గుంత మిగిలింది గాని సిలిండరు మిగల్లేదు. ఒకరోజు బండి కింద నూనె మడుగు కట్టింది. వెనకభాగం చతికిలబడింది. ఏ గుంతలో పడేసినా లేవలేదు. మావయ్య గోళీ పెట్టాడు. అది ఆగకుండా దొర్లి వెనక తలుపులోంచి రోడ్డుమీద పడింది. ఆయన ఇంటికొచ్చి మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"అన్నం తినరా?" అంది అత్తయ్య.

"తిని ఏం చెయ్యాలి?"

మెకానిక్ బండి కింద దూరి, బయటికొచ్చి, చేతులు తుడుచుకున్నాడు. "సార్, సీళ్ళు పోయాయి. ఈ సిలిండరు తయారుచేయడం ఎప్పుడో మానేశారు. పీకేసి గట్టి స్ప్రింగులు వేసేద్దాం. జన్మలో కుంగదు. గుంతల్లో తిరిగే పని ఉండదు, బరువులు వేసే పని అసలే ఉండదు."

"బరువు వేసే పని ఉండదా?" అన్నాడు మావయ్య. శుభవార్త చెబితే మొహం అలా పాలిపోవడం నేనెక్కడా చూడలేదు.

అత్తయ్య పోరు పడలేక సరేనన్నాడు. గట్టి స్ప్రింగులు వేశారు. బండి వెనకభాగం ఠీవిగా లేచి నిలబడింది. మావయ్య మెకానిక్‌ను నడపమని, తను వెనక నేలమీద చతికిలబడ్డాడు. ఒక్క గుంత. లోపల్నుంచి "అమ్మో" అని కేక. నడుము పట్టుకుని దిగి, "తీసెయ్" అన్నాడు.

"ఇప్పుడేగా సార్ వేసింది!"

"తీసెయ్. ఇది మనుషులెక్కే బండి కాదు."

"వెనక ఎక్కేది ఇసుక సంచులేగా సార్! వాటికేమన్నా నడుంనొప్పి వస్తుందా?"

మావయ్య నడుము రుద్దుకున్నాడు. మెకానిక్ నావైపు చూశాడు. నేను ఆకాశంవైపు చూశాను.

ఆపైన మొదలైంది నా ఖర్మ. సెలవు రోజున నిద్రలేపి పాత ఇనుము కొట్లకు లాక్కుపోయేవాడు. తుప్పు పట్టిన ప్రతి జీపు కిందా తెల్లచొక్కాతో దూరేవాడు. బయట కాళ్ళు మాత్రం కనిపిస్తుండేవి. "ఎవరమ్మా ఈయన?" అని కొట్టువాళ్ళడిగితే నాకు తెలియదని చెప్పిన సందర్భాలున్నాయి. కాసేపటికి మసిమొహంతో బయటపడి "ఇదీ పోయింది" అనేవాడు. ప్రతిచోటా అదే మాట. చివరి కొట్లో, బయటికి రాకుండా కిందే పడుకుండిపోయాడు.

"మావయ్యా, రా, వెళ్దాం."

"నువ్వెళ్ళమ్మడూ. నేను ఇక్కడే ఉంటాను. తుక్కులో తుక్కు."

ఆ గొంతులో వేళాకోళం లేదు. నవ్వొస్తూనే, వంగి బండి కిందికి చూశాను. ఒక ఇనప గొట్టం కోసం మనిషి ఇంత కుంగిపోతాడా?

గురువారం పొద్దున్న నా గది తలుపు కొట్టాడు. "అమ్మడూ, ఆఫీసుకు సెలవు పెట్టి నాతో రా. ఎక్కడికని అడక్కు. మీ అత్తయ్యకు చెప్పకు."

కుంగిపోయిన బండిలో బయల్దేరాం. వీధి చివర ఆగింది. దర్జీ గుమ్మంలో చక్రాల కుర్చీలో, ఇస్త్రీ చొక్కాతో, సిద్ధంగా ఉన్నాడు.

"ఆలస్యం" అన్నాడు దర్జీ.

"నోరుముయ్" అన్నాడు మావయ్య.

రెండు చెక్కలు వాల్చి, లోపల్నుంచి కుర్చీని వెనక్కి లాగాడు. దర్జీ మొహం వెనక తలుపువైపు, మావయ్య మొహం ముందు అద్దంవైపు. నేను నోరెళ్ళబెట్టి చూస్తుంటే, "ఒట్టు ఒట్టే. నేను వాడి మొహం చూడ్డంలేదుగా" అన్నాడు మావయ్య.

అప్పుడు తెలిసింది. నడుముకు చికిత్స చేసే ఆస్పత్రి ఊరికి ఆ చివర. మామూలు కార్లో మనిషిని వంచి కూర్చోబెడితే ప్రాణం పోయినంత నొప్పి. కుర్చీతో సహా ఎక్కాలి. బండి నేల మట్టంగా లేకపోతే కుర్చీ జారుతుంది. స్ప్రింగులు గట్టివైతే నడుము విరుగుతుంది. మెత్తగానూ మట్టంగానూ ఉండాలి. అందుకని దర్జీ, కుర్చీ కలిపి ఎంత బరువో అంత ఇసుక వేసుకుని, ఆ కుదుపులన్నీ ముందే మావయ్యే తిని, బండి లేచాక సంచులు దింపి మనిషిని ఎక్కించేవాడన్నమాట.

ఆ రోజు కుర్చీ వెనక్కి జారకుండా నా వీపుతో తలుపుకు ఆనుకుని, రెండు చేతులతో తోసిపట్టుకుని కూర్చున్నాను. ప్రతి మలుపులోనూ దర్జీ పళ్ళు బిగించాడు. అయినా మాటలు ఆపలేదు.

"మీ మావయ్యకు నేను సాయం చేస్తున్నానమ్మా" అన్నాడు. "వెనక బరువు లేకపోతే బండి పాడైపోతుందట. వచ్చి కూర్చోమని బతిమాలాడు. సరే పోనీ, శత్రువైనా మనిషే కదా అని ఒప్పుకున్నాను. మధ్యలో ఆ ఆస్పత్రేదో తగులుతుంది."

ముందు సీట్లోంచి మావయ్య "బతిమాల్లేదు" అని గొణిగాడు.

తిరిగొచ్చేటప్పుడు దర్జీ నొప్పితో పాలిపోయి, "వచ్చే వారం నుంచి నేను రాను. నీ బండికి వేరే బరువు చూసుకో" అన్నాడు. మావయ్య చెక్కలు వాల్చి కుర్చీ దింపాడు. ఇంటికెళ్ళి మళ్ళీ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ సాయంత్రం నేనే మెకానిక్ దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన రెంచి పక్కనపెట్టి తల పట్టుకున్నాడు. "ఈ ముక్క ముందే చెబితే నా స్ప్రింగుల గురించి అంత గొప్పలు చెప్పేవాణ్ణా!" ఊళ్ళో ఉన్న ప్రతి షెడ్డుకూ కబురు పెట్టాడు. చివరికి దొరికింది. చెట్టుకు గుద్దుకుని ముందుభాగం నుజ్జయిన జీపు. దాని వెనకభాగం మాత్రం పెళ్ళికూతురిలా ఉందట. సిలిండరు విప్పి తెచ్చి బిగించాడు.

గురువారం వచ్చింది. మావయ్య, మెకానిక్, నేను ఇసుక సంచులు ఎక్కించాం. బండి కుంగింది. ఊరంతా తిరిగాం. రోడ్లన్నీ అద్దంలా మెరుస్తున్నాయి. ఒక్క గుంత లేదు. "అయిపోయింది, అభివృద్ధి అంతా మన నెత్తినే పడింది" అని మావయ్య స్టీరింగు మీద తల వాల్చేశాడు.

"మావయ్యా, వీధి చివర ఒకటి వదిలేయించావు కదా!"

దర్జీ ఇంటి ముందే ఉంది అది. ముందుకూ వెనక్కూ, ముందుకూ వెనక్కూ, మెకానిక్, నేను వెనక బంపరు మీద నిలబడి గెంతుతుంటే బండి దాంట్లో పడుతూ లేచింది. మా గోలకు వచ్చిన అత్తయ్య సంగతి విని, ఒక్క మాటా అనకుండా, కొంగు దోపుకుని తనూ బంపరెక్కింది. సవతి లేచింది. మావయ్య గోళీ పెట్టాడు. కదల్లేదు.

దర్జీని ఎక్కించాం. నేను దింపిన ఇసుక సంచి ఒకటి, కుర్చీ కదలకుండా, ఆయన పక్కన చక్రానికి ఆనించాను. ఆయన చెయ్యి చాచి దాని అంచు సవరించి, గొంతు తగ్గించాడు.

"ఈ సంచులు కుట్టింది నేనేనమ్మా, నా చేతిమిషను మీద. ఎంత ఇసుక పట్టాలో కొలత మీ మావయ్యే పంపాడు. బండికి బరువే కావాలంటే ఇవి సరిపోవూ, నేనెందుకు? కుట్టినవాడికి ఆమాత్రం తెలియదా? ఆయనతో అనకు, చిన్నబుచ్చుకుంటాడు."

"ఏంటక్కడ గుసగుసలు?" అన్నాడు మావయ్య, వెనక్కి తిరక్కుండానే.

"నీ ప్యాంటు నేను సరిగ్గానే కుట్టాను, నీ కాళ్ళే ఒకటి పొడుగు, ఒకటి పొట్టి అంటున్నా" అన్నాడు దర్జీ.

"నోరుముయ్" అని మావయ్య గుంతను పక్కనుంచి తప్పించి, నున్నటి రోడ్డుమీదికి బండి పోనిచ్చాడు.