డేవిడ్ సార్ గదిలో రెండు గొంతులు

మొన్న బేగంపేటలో మెట్రో ఎక్కగానే ఎవరి ఫోన్లోంచో రెండు గొంతులు ఒకదాని మీదొకటి పడుతూ వినిపించాయి. ఒకమ్మాయి కంగారుగా తెర మీద వేళ్ళు ఆడిస్తుంటే చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు మాత్రం లాలాగూడలో డేవిడ్ సార్ ఇంటి ముందుగది గుర్తొచ్చింది.

సార్ రైల్వే కాలనీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పిన మాస్టారు. రిటైరయ్యేనాటికి చూపు పూర్తిగా పోయింది. అయినా సాయంత్రం ట్యూషన్ మానలేదు. ఊరంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల వెంట పరుగెడుతున్న రోజులవి. ఇంటర్వ్యూలో నోరు పెగలనివాళ్ళంతా ఆయన దగ్గరికే వచ్చేవారు. నేనూ అలా వచ్చినవాణ్ణే. ఇంటర్నెట్ నుంచి దించుకుని వినే పాడ్‌కాస్టులు అప్పుడప్పుడే వస్తున్నాయి. అవి క్లాసులో వినిపించాలని సార్ కోరిక. కానీ ప్రతిసారీ భార్య మేరీ గారు వచ్చి మౌస్ పట్టుకోవాలి. "ఇంకొకరు చెయ్యేస్తేగానీ నడవని క్లాసు నాదెట్లా అవుతుందయ్యా? ఈ బ్యాచితో ఆపేస్తాను" అన్నారొకరోజు.

నేను కాలేజీలో కంప్యూటర్లు చదవలేదు. గ్రంథాలయంలో, కంప్యూటర్ని నడిపించే లినక్స్ గురించిన అట్ట ఊడిన పుస్తకాన్ని రెండుసార్లు చదివి, నోట్సు రాసుకుని నేర్చుకున్నాను. ఆ గర్వం కాస్త ఎక్కువే. మౌస్ లేకుండా, బొమ్మలేవీ లేని అక్షరాల తెర టెర్మినల్లో కీబోర్డుతోనే నడిచే చిన్న పాడ్‌కాస్ట్ ప్రోగ్రాం రాసిచ్చాను. తెర మీది అక్షరాలను చదివి వినిపించే గొంతు సార్ కంప్యూటర్లో అప్పటికే ఉంది. మొదటిరోజే చిక్కొచ్చింది. రెండో ప్రసంగం ఎంచుకుంటే, మొదటిది ఆగకుండానే, శబ్దం వినిపించే ప్లేయర్ ఇంకొకటి తెరుచుకుని రెండు గొంతులూ ఒకేసారి మోగాయి. "పోట్లాడుకుంటున్నారా వీళ్ళిద్దరూ?" అని సార్ నవ్వారు.

ఇంటికెళ్ళి ప్రోగ్రాంలో ఒక్క వరుస చేర్చాను: ఆపే మీట నొక్కితే, నడుస్తున్న ప్లేయర్లన్నీ ఆగిపోవాలి. నా తెర మీద చూసుకుంటే బ్రహ్మాండంగా పనిచేసింది. మర్నాడు నిండు క్లాసులో, నేను వెనక కూర్చుని ఉండగా, సార్ ఆ మీట నొక్కారు. ప్రసంగం ఆగింది. దాంతోపాటే అక్షరాలు చదివే గొంతూ ఆగిపోయింది. అదీ అలాంటి ఇంకో ప్లేయర్ ద్వారానే వస్తోందని నాకు తట్టలేదు. కళ్ళున్నవాణ్ణి, ఆ గొంతు పెట్టుకుని ఎప్పుడూ పరీక్షించలేదు. సార్ వేళ్ళు మీటల మీద వెతుకుతూనే ఉన్నాయి.

"ఏందన్నా, సార్ పెట్టెను మూగగ జేసినవ్?" అన్నాడు నా పక్కనున్న యాదగిరి. అందరూ నవ్వారు. మేరీ గారు లోపల్నుంచి రాబోతే సార్ చెయ్యెత్తి వద్దన్నారు. "పెట్టె మాట్లాడకపోతే నువ్వు మాట్లాడవయ్యా యాదగిరీ. ఇప్పటిదాకా విన్నది ఇంగ్లీషులో చెప్పు" అని మిగతా క్లాసంతా అతని చేతే నడిపించారు. కానీ ఆయన చెవులు ఎర్రబడటం నేను చూశాను.

అందరూ వెళ్ళాక తలొంచుకుని జరిగింది చెప్పాను.

"క్లాసులో ఒకడు అల్లరి చేస్తే బడంతా మూసేస్తావా?"

"అన్ని ప్లేయర్ల పేరూ ఒకటే సార్."

"నా క్లాసులో నలుగురు శ్రీనివాసులుండేవాళ్ళు. రోల్ నంబరుతో పిలిచేవాణ్ణి. నీవాళ్ళకు నంబర్లు లేవా?"

ఉన్నాయి. నడిచే ప్రతి ప్రోగ్రాంకీ ఒక నంబరుంటుందని చదివాను, నోట్సులో దాని కింద గీత కూడా గీశాను. అదెందుకు పనికొస్తుందో మాత్రం ఒక్క వరుస ప్రోగ్రాం రాయని మాస్టారు చెప్పాల్సొచ్చింది. నా ప్రోగ్రాం తాను తెరిచిన ప్లేయర్ నంబరు గుర్తుపెట్టుకుని, దాన్నొక్కదాన్నే ఆపేలా అక్కడే కూర్చుని మార్చాను. "ఇప్పుడు కళ్ళు మూసుకుని నడుపు" అన్నారు. నాలుగుసార్లు తప్పాను. నాలుగూ దిద్దేదాకా లేవనివ్వలేదు.

తర్వాతి క్లాసులో వక్త సగం వాక్యంలో ఉండగా సార్ మీట నొక్కారు. "ఇతను ఇప్పుడేమంటాడు?" అని అడిగి, జవాబులన్నీ విని, మళ్ళీ నడిపించారు. మేరీ గారు వంటింట్లోంచి ఇవతలికే రాలేదు.

ఆ తర్వాత నెల దాటినా నాకు కబురు లేదు. ఉండబట్టలేక వెళ్ళి, "మర్చిపోయారా సార్?" అన్నాను. "పిలిచే పని పడలేదయ్యా. కూర్చో, కొత్త బ్యాచి వస్తోంది" అన్నారు. అప్పుడు కాస్త చిన్నబుచ్చుకున్నాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎందరో మెచ్చుకున్నారు గానీ, ఆ మాటంత గట్టిగా ఏదీ నిలవలేదు. నేను చేసిచ్చిన పని గురించి ఎవరూ ఫోన్ చెయ్యకుండా ఒక నెల గడిస్తే, ఆ రోజు కాస్త ధీమాగా ఇంటికెళతాను.