ఆషాఢానికి ముందు శుక్రవారం, గుణదలలో ఒక గది

బెంజి సర్కిల్ దగ్గర నేను పనిచేసే జిరాక్స్ షాపుకి బరాకా నోట్సులు తీయించుకోవడానికి వస్తుంటాడు. టాంజానియా నుంచి వచ్చి ఇక్కడ బీటెక్ రెండో ఏడు చదువుతున్నాడు. అతనుండే ప్రైవేటు హాస్టల్ బిల్డింగుని ఓనరు వేరేవాళ్లకి ఇచ్చేసి, శనివారం సాయంత్రానికల్లా ఖాళీ చేయమన్నాడు. కాలేజీ హాస్టల్ ఫీజు అతని తాహతుకి మించింది. బయట గది తీసుకున్నా, అద్దె ఆరువేలు దాటితే తిండికి మిగలదు. తలదాచుకునే చోటు ఎవరి దయా కాదు, హక్కు అని మా షాపులో అచ్చయ్యే కరపత్రాల్లో చాలాసార్లు చదివాను. చదివింది ఒక్క మనిషికైనా పనికిరావాలి కదా అని శుక్రవారం సెలవు పెట్టి అతనితో బయల్దేరాను. ఇక్కడికి చదువుకోవడానికి వచ్చేవాళ్లకీ, వాళ్లకి తోడు తిరిగేవాళ్లకీ ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

పొద్దున తొమ్మిదికి షేర్ ఆటోలో మనిషికి ఇరవై ఇచ్చి మొగల్రాజపురం చేరాం. నేను ముందే ఫోన్‌లో మాట్లాడి పెట్టుకున్న ఇల్లు. గేటు తీసిన పెద్దాయన ముందు నన్ను, తర్వాత బరాకాని చూశారు.

“నిన్ననే ఇచ్చేశామండీ.”

“గంట కిందట ఖాళీగా ఉందన్నారు కదండీ?”

“మా ఆవిడ ఇచ్చేసిందంట. నాకిప్పుడే తెలిసింది.”

“మరి టులెట్ బోర్డు ఇంకా వేలాడుతోందేం?”

“వేలాడితే మీకేమన్నా తగులుతోందా బాబూ?”

నేను గొంతు పెంచాను. మనిషి రంగు చూసి మాట మార్చడాన్ని ఏమంటారో వీధంతా వినేలా చెప్పాను. ఆయన బోర్డు విప్పి చంకలో పెట్టుకుని లోపలికి వెళ్లిపోయారు. మాచవరంలో రెండో ఇంటివాళ్లు ఫ్యామిలీకే ఇస్తామన్నారు. పక్క వాటాలో నలుగురు బ్యాచిలర్లు లుంగీలు ఆరేసుకుంటున్నారు. మూడో చోట నీళ్లు రావన్నారు. మేడ మీద ట్యాంకు పొంగి పొర్లుతోంది. ఆ రెండు చోట్లా కూడా నేను ఊరుకోలేదు.

మధ్యాహ్నం మాచవరంలోనే ఒక మెస్సులో కూర్చున్నాం. భోజనం తొంభై రూపాయలు, పప్పు అడిగినంత. బరాకా ముద్ద కలుపుతూ, “పొద్దున్నుంచి మూడిళ్లలో వాదన గెలిచావు. రేపు రాత్రి నేనెక్కడ పడుకోవాలి?” అన్నాడు. నేను రాసి పెట్టుకున్న నంబర్ల కాగితం అందుకున్నాడు. తర్వాతి నంబరుకి అతనే ఫోన్ చేశాడు.

“అమ్మా, నాది టాంజానియా. ఆఫ్రికా. స్టూడెంట్. రూమ్ కావాలి.”

“ఎక్కడోడివైతే ఏంటయ్యా, చీకటి పడకముందే రా,” అంది అవతలి గొంతు.

మాచవరం నుంచి గుణదలకి ఆటో వంద అడిగి ఎనభైకి వచ్చింది. “మేరీమాత కొండకాండీ?” అన్నాడు డ్రైవరు. అద్దె ఇంటికన్నాను. “అయితే ఏం వండుకుంటారో ముందే చెప్పేసుకోండి. మొన్న మా కింద వాటావాళ్లని ఎండుచేపల వాసనొస్తోందని పంపించేశారు.”

ఇంటావిడ సుశీలమ్మ గారు మేడ మీద గది చూపించారు. ఒక కిటికీ, వంటకి గట్టు, బయట బాత్రూమ్. ఏం వండుకుంటావని ఆవిడా అడిగారు. బరాకా ఫోన్‌లో ఫొటో చూపించాడు: మొక్కజొన్న పిండితో చేసిన తెల్లటి ముద్ద.

“సంకటే కదూ ఇది! మా ఆయనది కడప. పెళ్లయిన కొత్తలో ఇది తిప్పలేక ఏడ్చేదాన్ని,” అని నవ్వారు. “అద్దె ఏడువేలు. రేపు అమావాస్య, ఆ మర్నాటి నుంచి ఆషాఢం. ఇవాళే పాలు పొంగించేస్తే సామాను ఎప్పుడు తెచ్చుకున్నా తప్పులేదు. ఇవాళ దాటితే శ్రావణంలోనే.”

“నెలల్లో మంచీ చెడ్డా ఏంటండీ? చదువుకున్నవాళ్లు కూడా ఇలా…”

“నీకుందిగా చదువు. దాంట్లోనే పడుకోబెట్టుకో మీ స్నేహితుణ్ణి,” అని ఆవిడ తాళంచెవి కొంగున ముడేసుకున్నారు.

బరాకా నాకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. “అమ్మా, పాలు ఎన్ని?”

“అర లీటరు చాలయ్యా. గిన్నె మాత్రం కొత్తది.”

వీధి చివర కొట్లో పాల ప్యాకెట్, స్టీలు గిన్నె నేనే కొన్నాను. కానీ నేను నమ్మని తంతుకి గుమ్మం దాటలేదు. సుశీలమ్మ గారు తన గ్యాస్ పొయ్యి పైకి తెచ్చిపెట్టారు. పాలు అంచుకి రాగానే బరాకా కంగారుగా పొయ్యి ఆర్పబోతే చెయ్యి పట్టుకున్నారు. “పొంగనీ, పొంగనీ! రోజూ అయితే తిట్టేదాన్నే. ఇవాళ వదిలెయ్యాలి.” గట్టంతా పాలయింది. మిగిలినవాటిలో పంచదార కలిపి, బయటున్న నాకూ ఒక గ్లాసు అందించారు. ఏడువేలిస్తే తిండికి మిగలదని బరాకా అప్పుడు చెప్పాడు. “ఆషాఢమంతా ఖాళీగా పెట్టుకుని ఏం చేస్తాను? ఆరువేలియ్యి,” అన్నారు బరాకాతో. మర్నాడు సాయంత్రానికి అతని పెట్టెలు ఆ గదిలో ఉన్నాయి.

నెలలకి మంచి చెడ్డలు ఉంటాయని నేను ఇప్పటికీ ఒప్పుకోను. కాకపోతే ఆషాఢాన్ని అర లీటరు పాలతో దాటే దారి ఉంది. బరాకా ముఖం చూసి ఇల్లు లేదన్నవాళ్ల దగ్గర, ఏం పొంగించినా దారి లేదు. నేను పోట్లాడాల్సింది వాళ్లతోనే, పోట్లాడతాను కూడా. కానీ అతని సామాను రోడ్డు మీద పెట్టుకుని కాదు. గది వెతికేవాళ్లకి ఒక్క సలహా: ఆటో ఎక్కకముందే ఫోన్ చేసి, మీ దేశం పేరు మొదటి మాటగా మీ నోటితోనే చెప్పండి. అది విన్నాక కూడా రమ్మన్న ఇంటికే వెళ్లండి.