పడమటి ఒడ్డు కొలతమ్మ

సరస్సుకు పడమటి ఒడ్డున, లాంచీల రేవు పక్క సందులో ఒక దర్జీ ఆమె ఉండేది. ఊళ్ళో అందరూ ఆమెను కొలతమ్మ అనేవారు. బట్టల కొలతలు తీస్తుందని కాదు. రోజూ పొద్దున ఎనిమిదింటికి రేవు దగ్గర పాతిన గీతల స్తంభం చూసి, నీళ్ళు ఏ గీత దాకా ఉన్నాయో, వానడబ్బాలో ఎంత పడిందో నీటి ఆఫీసుకు ఫోన్లో చెప్పడం ఆమె రెండో ఉద్యోగం. పదకొండేళ్ళలో ఒక్క పూట తప్పలేదు. జ్వరం వస్తే దుప్పటి కప్పుకునైనా వెళ్ళేది.

తూర్పు ఒడ్డున ఇదే పని ఆమె అక్క చేసేది. అక్కది లాంచీ టిక్కెట్ల కౌంటరు. ఇద్దరి మధ్యా నలభై కిలోమీటర్ల నీళ్ళు.

ఆ ఏడు వానలు దంచికొట్టాయి. పైకప్పు కారి, మిషను పక్కన గిన్నె పెట్టుకుని కుట్టాల్సి వచ్చింది. అయినా సరస్సు దిగుతూనే ఉంది. మూడు నెలల్లో జానెడు దిగింది. కొలతమ్మకు ఏమీ పాలుపోలేదు. తన చూపే తప్పేమోనని డాక్టరు దగ్గరికి వెళ్ళి కొత్త అద్దాలు పెట్టించుకుంది. వాటితో చూసిన మొదటి రోజు నీళ్ళు ఇంకో వేలెడు కిందికే ఉన్నాయి.

ఆ వారమే ఆఫీసులో కొత్తగా చేరిన ఇంజనీరమ్మాయి ఫోన్ చేసింది.

“అమ్మా, నెల రోజులుగా మీ లెక్కకూ ఎదురొడ్డు లెక్కకూ పద్నాలుగు సెంటీమీటర్ల దాకా తేడా వస్తోంది. సరస్సు ఒకటే కదా. ఎవరో ఒకరు తప్పు చూస్తున్నారు.”

కొలతమ్మ వెంటనే అక్కకు ఫోన్ కలిపింది. “అక్కా, నిద్రకళ్ళతో చూస్తున్నావేమో.”

“నేనా? అద్దాలు మార్చింది నువ్వు. ఇక్కడ నీళ్ళు ఇంకాస్త పైకొచ్చాయే.”

“ఇక్కడ దిగాయి మరి. వాన పడుతున్నా దిగాయి.”

“నువ్వు చెప్పేది నీకైనా అర్థమవుతోందా?”

“లేదు. అందుకేగా నీకు చేసింది.”

అక్క ఫోన్ పెట్టేసింది. నాలుగు రోజులు ఇద్దరికీ మాటల్లేవు. చెల్లెలికి కుట్టు మీద మనసు నిలవలేదు. ఎవరిదో చొక్కాకు రెండు చేతులూ ఎడమవైపువే కుట్టింది. ఐదో రోజు లాంచీ ఎక్కింది. స్తంభం చూసే పని గడియారాలు బాగుచేసే భర్తకు అప్పగించింది.

“ఏవండీ, కళ్ళు నీళ్ళకు సమంగా వచ్చేలా వంగి చూడండి. నిలబడి చూస్తే తేడా వస్తుంది.”

“పాతికేళ్ళ కాపురంలో ఆ మాత్రం నేర్చుకోలేదా? వెళ్ళిరా.”

మర్నాడు ఎనిమిదింటికి అక్కాచెల్లెళ్ళు తూర్పు రేవు మెట్ల మీద నిలబడ్డారు. గాలికి జుట్టు మొహం మీద పడుతోంది. అక్క వంగి చూసింది. రెండు వందల పన్నెండు సెంటీమీటర్లు. చెల్లెలు వంగి చూసింది. అదే. ఫోన్లో భర్త నూట తొంభై ఎనిమిది అన్నాడు, మళ్ళీ చూసి కూడా అంతే అన్నాడు. ఆయన అబద్ధమాడే మనిషి కాదు. కొలతమ్మ తడి మెట్టు మీదే చతికిలబడింది. తప్పు ఎవరిదీ కాకపోతే మరి ఏది తప్పు?

పక్కనే తాడు కడుతున్న లాంచీ డ్రైవరు ఇదంతా విన్నాడు.

“నెల రోజులుగా పడమటి గాలి వదలట్లేదు కదమ్మా. నీళ్ళను అటు తగ్గించి ఇటే నెడుతోంది. మీ రేవులో లాంచీ ఆనించడానికి నేను పడే తిప్పలు మీకేం తెలుసు?”

అక్క చెల్లెలి వంక చూసింది. “లోపలికి రా. ఏమన్నా తిందువుగాని,” అంది. అంతకు మించి సంజాయిషీ ఏమీ లేదు.

మూడో రోజుకు గాలి పడిపోయింది. ఆ మర్నాడు రెండు స్తంభాల మీదా రెండు వందల అయిదే. సంగతి విని ఇంజనీరమ్మాయి ఫోన్లో, “తొందరపడి మాటన్నాను, ఏమనుకోకండి,” అంది.

“అది సరేనమ్మా. ఇంత వాన పడితే సరస్సు ఎందుకు దిగింది?”

“సరస్సు మీద ఎంత వాన పడుతుందో, దాదాపు అంతా ఎండా గాలీ లాగేసుకుంటాయి. ఇక మిగిలింది నదులే. వచ్చే నది పుట్టే కొండల్లో ఈసారి వానల్లేవు. బయటికి పోయే నది మాత్రం పోతూనే ఉంది.”

“అంటే నేను తడిసిన వానంతా?”

“చాలావరకు పైకే పోయిందమ్మా.”

కొలతమ్మ సరేనంది. ఇంటికొచ్చి భర్తకు చెప్పబోయింది. నదుల దాకా బాగానే వచ్చింది. పైకి పోయిన వాన దగ్గర తడబడి, మళ్ళీ మొదటికొచ్చి, చివరికి కూర్చుని మిషను తొక్కుకుంది.

మరుసటి ఏడు ఊళ్ళో చినుకే లేదు. వానడబ్బాలో దుమ్ము పేరుకుంది. సరస్సు మాత్రం మెల్లగా జానెడు పెరిగింది. ఎక్కడో కొండల్లో పడి ఉంటుందనుకుని, రెండుసార్లు వంగి చూసి, ఉన్న అంకె ఉన్నట్టు చెప్పింది.

ఆ రోజుల్లోనే రేవు పక్కన ఇల్లు కట్టుకుంటున్న ఒకామె బట్టలివ్వడానికి వచ్చి అడిగింది. “నీళ్ళు మా గడప దాకా వస్తాయా?”

“నాకేం తెలుసమ్మా.”

“మీకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?”

కొలతమ్మ సూదిలో దారం ఎక్కించింది.

“రేపు పొద్దున ఎనిమిదింటికి ఎక్కడున్నాయో చెప్పగలను. ఎందుకున్నాయో మాత్రం అడక్కండి,” అంది.