ఎర్రదుమ్ము పట్టిన షడ్జమం

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం మా మనవరాలి బడిలో దంతెవాడ పోటీకి రిహార్సల్ జరుగుతోంది. పిల్ల వయొలిన్ వాయిస్తుంటే, పక్కన కీబోర్డు వాయిస్తున్న సంగీతం మాష్టారు రెండు మూడుసార్లు మొహం చిట్లించి, చివరికి ఆపేసి, దాని అమ్మమ్మనూ గురువునూ అయిన నా వైపు తిరిగి, ఎంతో మర్యాదగానే "మేడమ్, వయొలిన్ థోడా నీచే బోల్ రహా హై. ఏక్ ట్యూనర్ యాప్ డాల్ లీజియే" అన్నాడు. శ్రుతి కాస్త కిందికి ఉందట, ఫోనులో ట్యూనర్ యాప్ వేసుకుంటే సరిపోతుందట. ఆయన మామూలుగానే అన్నాడు గాని నాకు భయం పట్టుకుంది. ఆ వయొలిన్‌ను ఆ పొద్దున్నే, ఏ పెట్టె సాయమూ లేకుండా, చెవితోనే శ్రుతి చేసి ఇచ్చినదాన్ని నేనే మరి.

నా వయసువాళ్లకు ఈ భయం విడమరచి చెప్పనక్కర్లేదు. చూపు మందగిస్తే అద్దాలు పెట్టుకుంటాం, పళ్లు ఊడితే కట్టించుకుంటాం, కాని సంగీతం చెప్పుకుని బతికినదానికి చెవి పోతే ఇంకేం మిగులుతుంది? మా అమ్మాయి ఇక్కడే, ఈ ఇనుపగనుల ఊరు బచేలిలో, ఆస్పత్రి నర్సు. టీవీ సౌండు ఎక్కువ పెడుతున్నావని ఏడాదిగా విసుక్కుంటూనే ఉంది, జగదల్‌పూర్ తీసుకెళ్లి చెవులు చూపిస్తానని కూడా అంటోంది. ఇన్నాళ్లూ నవ్వి ఊరుకున్నాను. ఆ రోజు బడి నుంచి ఇంటికి నడిచి వస్తూ మాత్రం, ఎవరికీ చెప్పకుండా ఒక నిర్ణయానికి వచ్చేశాను. చెవి చెడిందని తేలితే, పోటీ అయిన మర్నాటినుంచి ఇంటికి వచ్చే పిల్లలకు పాఠం మానేస్తాను. తప్పుడు శ్రుతి నేర్పే పంతులమ్మ ఉండటంకన్నా లేకపోవటమే మేలు.

అసలా యాప్ ఎంచుకోవటమే ఒక పెద్ద యాతన అయింది. ప్లే స్టోరులో ట్యూనర్ అని కొట్టగానే చాంతాడంత వరస వచ్చింది. మొదట దించుకున్నది గిటారుకు మాత్రమేనట, ఆరు తీగల్లో ఏది సరిచెయ్యాలో చెప్పమని నన్నే అడిగింది. రెండోది మైకు వాడుకోవటానికి అనుమతి ఇమ్మంది. ఫోన్లో మాటలు విని డబ్బులు కాజేస్తారని పక్కింటావిడ చెప్పిన కథలన్నీ గుర్తొచ్చి, వేలు ఆ అనుమతి బొత్తాం మీద పెట్టి తీసి, పెట్టి తీసి, గుండె దిటవు చేసుకుని నొక్కితే, శ్రుతి చూపించే సూది సరిగ్గా నిలబడబోయే సమయానికి ఏదో ఆట ప్రకటన డప్పులతో ఊడిపడింది. తాళం దెబ్బలు కొట్టే మెట్రోనోములదీ అదే తంతు. అన్నీ నాలుగేసి దెబ్బలే కొడతాయి. పోటీలో పిల్ల వాయించాల్సిన కృతి ఖండచాపులో ఉంది, రెండూ మూడూగా విరిగి నడవాలి, ఆ విరుపు దానికి చెప్పే దారి కనబడదు. దంతెవాడ దారిలో నెట్ వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు కాబట్టి నెట్ లేకుండా పనిచేసేదే కావాలి. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు ఇచ్చిన నక్షత్రాలు చూసి నమ్మాలా, నా చెవిని నమ్మాలా అని ఒకటే గుంజాటన. చివరికి మనవరాలే పక్కన కూర్చుని, రెండూ ఒకే దాంట్లో ఉండేదీ, ప్రకటనలు లేనిదీ, దెబ్బలు మనకు కావలసినట్టు విరుచుకోగలిగేదీ ఒకటి వెతికి పెట్టింది.

అది వయొలిన్ మీద నేను పలికించిన షడ్జమాన్ని, నా సా ను, విని, శ్రుతి తక్కువని సూదిని ఎడమవైపుకి వాల్చి, ఎర్రగా చూపించింది. ఫ్యాను ఆపి, ఆ ఉక్కలోనే మళ్లీ పలికించాను. ఖనిజం రైలుబండి వెళుతుంటే సూది పిచ్చెక్కినట్టు ఊగింది, అది పోయేదాకా ఆగి మళ్లీ పలికించాను. మళ్లీ ఎడమే. యాప్ చెప్పినట్టు తీగ బిగించమని మనవరాలితో అన్నాను. సూది ఆకుపచ్చ గీత మీద నిలబడింది, కాని నా లోపల ఏదో ఒప్పుకోలేదు, తీగ పైకెక్కిపోయిందనే అనిపించింది. ఆ పిల్ల నా మొహం చూసి, "ఏటి అమ్మమ్మా, అంత టెన్షన్ ఏల? మెషీన్ తో ఝూట్ నై బోల్తీ కదా" అంది. యంత్రం అబద్ధమాడదు, నిజమే. మరి అబద్ధమాడుతున్నది ఎవరు?

కంగారు పుట్టినప్పుడు మనసు వెనక్కి పరుగెత్తుతుంది కాబోలు, ఆ వారమంతా నాకు మా చిన్నప్పటి రైల్వే క్వార్టరే కళ్లముందు తిరిగింది. మా నాన్న విజయనగరం వైపునుంచి కిరండూల్ లైనుకు సిగ్నళ్ల పని మీద వచ్చిన మనిషి. వచ్చేటప్పుడు పెట్టెలో బట్టలు తక్కువ, చంకలో వయొలిన్, చేతిలో శ్రుతిపెట్టె. ఆ శ్రుతిపెట్టె మా ఇంట్లో ఒక పెద్దమనిషిలాంటిది. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, స్నానం చేసి, నాన్న దాని తిత్తి ఊదటం మొదలుపెడితే వంటింట్లో అమ్మ కూనిరాగం దానంతట అదే ఆ శ్రుతిలోకి వచ్చేసేది. అన్నయ్య లెక్కలు చేసుకుంటూ, నేను చాప పరుస్తూ, అందరం ఆ సా లోనే కదిలేవాళ్లం. మేము ఎక్కడికి వెళ్లినా అది మాతోనే ప్రయాణం చేసేది, పాడిన ప్రతి చోటా అందరూ దానికే శ్రుతి చేసుకునేవారు.

ఆ రోజుల్లో బచేలిలో ఉన్నవాళ్లకు ఎర్రదుమ్ము గురించి నేను చెప్పాల్సిన పనిలేదు. బైలదిల్లా కొండమీదినుంచి దిగే ఇనుపరాతి దుమ్ము తలుపులు మూసినా వచ్చేది, ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి గులాబీరంగుకు తిరిగేది, మంచినీళ్ల బిందె మీద మూత తీస్తే మూత కిందా ఎర్రగానే ఉండేది. "ఏటండీ ఈ మన్ను, పొద్దుగాల తుడిస్తే మద్దేనానికి మల్లీ పేరుకుపోతాది" అని అమ్మ రోజూ ఒకే మాట అనేది. ఆవిడ తుడవని వస్తువు ఇంట్లో ఒక్క శ్రుతిపెట్టే. పై చెక్కను దసరాకి నాన్న స్వయంగా తుడిచి బొట్టు పెట్టేవాడు గాని, లోపలికి మాత్రం ఎవరినీ చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు. లోపల గాలికి ఆడి పలికే ఇత్తడి రేకులు పలచగా ఉంటాయి, ముట్టుకుంటే శ్రుతి చెడుతుందని ఆయన పట్టుదల.

తాళం నేర్పటానికి ఆయనకు ఏ యంత్రమూ లేదు, రైలుపట్టాలే. అప్పట్లో పట్టాలకు అతుకులుండేవి, చక్రం అతుకు దాటినప్పుడల్లా ఒక దెబ్బ వినిపించేది. విశాఖ వైపు వెళ్లే నిండు బండి బరువుగా, నెమ్మదిగా నడిచేది, అది వెళుతున్నంతసేపూ మాకు మొదటి కాలం. తిరిగివచ్చే ఖాళీ బండి తేలిగ్గా ఉరికేది, అప్పుడు రెండో కాలం. పెరటి గుమ్మంలో కూర్చుని, బండి దూరంగా వినబడగానే నేనూ అన్నయ్యా అది నిండుదా ఖాళీదా అని పోట్లాడుకుంటూ తొడమీద చెయ్యి సిద్ధంగా పెట్టుకునేవాళ్లం. బండి మధ్యలో వేగం తగ్గిస్తే మేమూ తగ్గేవాళ్లం. అందుకు నాన్న కోప్పడేవాడు గాని, తప్పు డ్రైవరుదే కదా!

ఎక్కడికో పోయాను. ఆ వారం నన్ను వదలకుండా పట్టుకున్న జ్ఞాపకం ఇంకొకటి ఉంది. ఒక వేసవి సెలవుల్లో విజయనగరంలో మా పెద్దత్త ఇంటికి వెళ్లాం. ఆవిడ దగ్గర మంచి హార్మోనియం ఉండేది. నాన్న మా శ్రుతిపెట్టెకు కలిపిన వయొలిన్ తీసి వాయించబోతే రెండూ కలవలేదు. నాన్న కమాను దించి, హార్మోనియం పైకెక్కిపోయిందనీ బాగుచేయించమనీ తీర్పు చెప్పేశాడు. తమ్ముడంటే అత్తకు గురి, ఎదురాడలేదు. మరుసటేడు మేం వెళ్లినప్పుడు మాత్రం, మజ్జిగ గ్లాసు అందిస్తూ, "తమ్మీ, హార్మోనియం బాగుసేసేవోడు మొత్తం ఇప్పి సూసేడు, ఏటీ లోపం నేదన్నాడు" అంది భయపడుతూనే. నాన్న మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి, "ఆడికి సెవి నేదప్పా" అన్నాడు. అందరం నవ్వాం, నేను మరీ ఎక్కువ నవ్వాను. ఇప్పుడు ఆ మాట నాకే వచ్చి తగులుతుంటే నవ్వు రావటం లేదు.

పోటీ ముందటి ఆదివారం ఇక ఉండబట్టలేక, అటక మీదినుంచి నాన్న శ్రుతిపెట్టెను దింపించాను. నాన్న పోయాక దాన్ని ఎవరూ మోగించలేదు. తిత్తి ఒకచోట చిరిగితే దానికి ప్లాస్టరు అంటించి, మనవరాలు ఊదుతుంటే నేను ఫోను దగ్గరగా పట్టుకున్నాను. పెట్టె కాసేపు దగ్గి, గురకపెట్టి, అంతలోనే మా చిన్నప్పటి సా పలికింది. అదే, ఆ చాప మీది సా. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఫోనులో సూది ఎడమకి వాలి, సరిగ్గా నా షడ్జమానికి వాలిన చోటే నిలబడింది.

నాకు వెంటనే బోధపడలేదు. పెట్టె వెనక చెక్క మరలు విప్పించి చూసినప్పుడు తెలిసింది. ఇత్తడి రేకుల మీద ఎర్రదుమ్ము పేరుకుని, ఏళ్ల చెమ్మకు గట్టిపడి, అట్టు కట్టినట్టు కూర్చుంది. బరువెక్కిన రేకు నెమ్మదిగా ఆడుతుంది, శ్రుతి కిందికి దిగుతుంది. మూత కింద మంచినీళ్లను వదలని దుమ్ము, ఎవరూ ముట్టని ఆ పెట్టెను మాత్రం వదులుతుందా? ఏటా కొంచెం కొంచెంగా దిగి ఉంటుంది, దానితోపాటే మేమూ దిగాం, కాబట్టి ఎవరికీ తెలియలేదు. అంటే పాపం పెద్దత్త హార్మోనియం సరిగ్గానే ఉంది, బాగుచేసేవాడికి చెవీ ఉంది. నా చెవికీ ఏ రోగమూ లేదు. చిన్నప్పుడు పోసినదాన్ని పోసినట్టు ఇన్నేళ్లూ దాచిపెట్టుకుంది, అంతే. హాయిగా ఊపిరి పీల్చుకున్నాను, ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఇవి రెండూ ఒకేసారి ఎలా వచ్చాయో మీరే అర్థం చేసుకోవాలి.

మనవరాలు పాత పళ్ల బ్రష్షు ఒకటి పట్టుకొచ్చి, "సాఫ్ చేసేద్దామా అమ్మమ్మా? మంచిగా పలుకుతాది" అంది. బ్రష్షు రేకు మీదికి వెళ్లబోతుంటే దాని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఆ దుమ్ము పోతే నాన్న పెట్టిన సా పోతుంది, అమ్మ వంటింట్లో పాడిన సా పోతుంది. ఆ పిల్ల నా మొహం చూసి బ్రష్షు పక్కన పెట్టి, వెనక చెక్క మళ్లీ బిగించి, ఫోను తీసుకుని, యాప్ లోపలెక్కడో శ్రుతికి కొలతగా ఉన్న నాలుగువందల నలభై అనే అంకెను ఒక్కో మెట్టూ తగ్గిస్తూ, పెట్టె ఊదుతూ, సూది నిట్టనిలువుగా నిలబడి ఆకుపచ్చ రంగు వెలిగేదాకా దించింది. "లో, తీస్కో, మీ నాన్నగారి సా. సేవ్ చేసేసినాను" అంది.

పోటీకి మాత్రం యాప్ చెప్పిన అసలు శ్రుతికే తీగలు బిగించమని నేనే చెప్పాను. పదిమందితో కలిసి వాయించాల్సిన పిల్లకు మా ఇంటి దుమ్ము ఎందుకు? దంతెవాడలో అది భయం లేకుండా వాయించింది, కీబోర్డు మాష్టారు మొహం చిట్లించలేదు, పేరు పైపోటీకి రాయపూర్ వెళ్లేవాళ్లలో వచ్చింది. పాఠాలూ మానలేదు నేను, ఇప్పుడు పిల్లలు ముందు ఫోను బయటికి తీస్తారు, ఆకుపచ్చ వెలిగాకే నేను మొదలుపెడతాను. పట్టాలకు అతుకులు పోయాయి, నిండు బండైనా ఖాళీ బండైనా ఒకటే హోరు తప్ప దెబ్బలు వినబడవు. కాబట్టి తాళానికీ ఆ ఫోనే దిక్కు. అది ఎక్కడా వేగం తగ్గించదు, పోట్లాడుకోవటానికి వీలూ ఇవ్వదు.

ఎప్పుడైనా సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక ఫోనులో ఆ దించిన సా పెట్టుకుని పాడుకుంటాను. నాన్న లేడు, అమ్మ లేదు, అన్నయ్య పోయి రెండేళ్లయింది. ఆ క్వార్టరులో మేమందరం ఆ శ్రుతిలోనే పాడాం, మాలో ఎవరికీ అది తక్కువని తెలియలేదు. ఆ శ్రుతిలో పాడేవాళ్లలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను.