సుబేదార్ సాబ్ మళ్లీ చెప్పించిన ఆర్డర్

మొన్న సోమవారం పొద్దున ఉప్పల్ మెట్రో మెట్లెక్కుతుంటే ఫోన్ వచ్చింది. మా సుబేదార్ సాబ్ పోయారని ఆయన కోడలు చెప్పింది. మెట్ల మధ్యలోనే నిలబడిపోయాను. వెనకవాళ్లు విసుక్కుంటూ దాటిపోయారు. నమ్మండి, నాకు ముందు ఏడుపు రాలేదు, భయమేసింది. ఆయన బతికుండగా చేయాల్సిన పని ఒకటి నేను చేయనే లేదు.

నాచారంలో ఒక రంగుల ఫ్యాక్టరీలో ఆయన సేఫ్టీ సూపర్‌వైజరు, నేను ప్రాజెక్ట్ మేనేజర్ని. ఆయన సైన్యంలో సుబేదారుగా సరిహద్దు కొండల్లో యుద్ధం చేసొచ్చిన మనిషి. నేనేమో కోర్సు చదివి, లాప్‌టాప్ నిండా చార్టులేసుకుని వచ్చిన మొనగాణ్ణి. పనివాళ్లంతా తిన్నాక గానీ ఆయన టిఫిన్ డబ్బా విప్పేవారు కాదు. "మంచి ముచ్చట మెల్లగ జెప్పు, చెడ్డది ఉరికొచ్చి జెప్పు" అనేవారు. ఇవన్నీ సరే. పని అప్పజెప్పాక, చేసేవాడి నోటితో దాన్ని మళ్లీ చెప్పించే అలవాటు మాత్రం నాకు మహా చిరాకు. తల ఊపితే ఒప్పుకునేవారు కాదు.

పాత పైపులు మార్చడానికి ఒకరోజు ఫ్యాక్టరీ ఆపారు. సాయంత్రానికి మళ్లీ నడవాలి. పక్కపక్కనే రెండు ట్యాంకులు, బయటికి ఒక్కలాగే ఉంటాయి. ఒకటి కడిగి ఆరబెట్టింది. రెండోదాంట్లో సగందాకా థిన్నర్, నిప్పురవ్వ పడితే చాలు. "ఎడమ ట్యాంకు పైపు కోసెయ్" అని చెప్పి వాచీ చూసుకున్నాను. "అయితది సార్" అన్నాడు వెల్డర్. మా దగ్గర అర్థం కాలేదన్న మాట ఎవరి నోటా రాదు, అన్నిటికీ అయితది సారే.

అతను గ్యాస్ కట్టర్ భుజాన వేసుకుని వెనక గోడవైపు నుంచి నిచ్చెన ఎక్కుతున్నాడు. సుబేదార్ సాబ్ వెళ్లి నిచ్చెన పట్టుకున్నారు.

"ఆగు బిడ్డా. సార్ ఏం జెప్పిండో నువ్వు జెప్పు."

నాకు ఒళ్లు మండింది. పని చూడ్డానికొచ్చిన పెద్దసార్ల ముందు నన్ను చిన్నబుచ్చుతున్నారనిపించి, టైం లేదని కసిరాను. ఆయన నిచ్చెన వదల్లేదు. వెల్డర్ పైనుంచే ఎడమచెయ్యి చాపి చూపించాడు. ఆ చెయ్యి థిన్నర్ ట్యాంకు వైపుంది. నేను గేటు వైపు నిలబడి ఎడమ అన్నాను, అతను గోడ వైపు నుంచి ఎక్కాడు. అంతే తేడా.

ఆయన గొంతు కూడా పెంచకుండా అతన్ని కిందికి దింపి, ఖాళీ ట్యాంకు మీద సుద్దతో గుర్తు పెట్టించి పని మొదలుపెట్టించారు.

సాయంత్రం పెద్దసారు అడిగితే వెల్డర్ సరిగా వినలేదని చెప్పాను. అతనికి మెమో ఇచ్చారు. సుబేదార్ సాబ్ అక్కడే ఉన్నారు, నన్ను పట్టివ్వలేదు. బయట చాయ్ బండి దగ్గర మాత్రం తొలిసారి యుద్ధం సంగతి చెప్పారు. ఇద్దరు సిపాయిలను ఒక దారిన పంపితే, తల ఊపి ఇంకో దారిన పోయారట. తిరిగి రాలేదట.

"నేను మళ్ల అడగలే. తప్పు ఆళ్లది గాదు, నాది. ఆళ్ల ఇండ్లకు వోయి గదే జెప్పిన" అన్నారు. నేను చాయ్ తాగేసి ఇంటికి వచ్చేశాను.

తర్వాత ఐదేళ్లు నేనూ అందరి చేతా మళ్లీ చెప్పించాను. మంచి మేనేజరని పేరు కూడా వచ్చింది. వెల్డర్‌తో ఆ ఒక్క మాట అనడానికి మాత్రం నోరు రాలేదు, సిగ్గుతో చచ్చాను.

సోమవారం మధ్యాహ్నం అతను పాడె మోశాడు. చితి అంటుకున్నాక పక్కన నిలబడి, ఆ రోజు తప్పు నాదేనని చెప్పాను. అతను మంట వైపే చూస్తూ మాట్లాడాడు.

"నాకెరుకే సార్. సుబేదార్ సాబ్ గప్పుడే జెప్పిండు. సారే వచ్చి నీకు జెప్తడు, జర ఆగుమన్నడు. మొన్న దవాఖానల గూడ అడిగిండు, జెప్పిండా అని. ఇంకా లేదని జెప్పిన."

తిరిగి వచ్చేటప్పుడు శ్మశానం గేటు దగ్గర కుళాయి ఉంది. అతను దాన్ని తిప్పి, నేను కాళ్లు కడుక్కునేదాకా పక్కన నిలబడ్డాడు.