ఆడి నెలలో ఇన్సూరెన్సు

నాకు ఏ వస్తువునూ మొదటి అంగడిలో కొనే అలవాటు లేదు. చింతపండుకైనా మూడు అంగళ్లు తిరగాలి. మూడో అంగడిలో తక్కువకు దొరికితే, ముందు ఇద్దరూ నన్ను ముంచబోయారని కోపం తెచ్చుకోవాలి. మా అమ్మ దీన్ని తిరుగుడు రోగం అనేది. ఎనభైల మొదట్లో తిరువళ్లూరులో గుమాస్తాగా ఉంటూ, మా పల్లె నుంచి పోయి రావడానికి ఒక పాత మోటార్ సైకిల్ కొన్నాను. దాని ఇన్సూరెన్సు దగ్గర ఆ రోగం బాగా ముదిరింది.

అప్పట్లో ఆ కంపెనీలన్నీ సర్కారువే, రేటు అంతటా ఒకటే. ఎవరు చెప్పినా నమ్మలేక, ఆఫీసు వదిలాక నాలుగు సాయంత్రాలు ఏజెంట్ల ఇళ్ల చుట్టూ తిరిగాను. అందరూ ఒకే అచ్చు పుస్తకం తెరిచి ఒకే అంకె చూపించారు. ఒళ్లు మండిపోయింది. ఒకే అంకె చెప్పడానికి ఇంతమంది ఎందుకని ఒకాయన్ను అడిగితే, మీలాంటివాళ్లకు పొద్దు పోవడానికే అన్నాడు. చివరికి రైల్వే స్టేషన్ వెనక ఉండే ఏజెంటు పని చేసే ఒక రిటైరైన టీచరు దగ్గర కట్టాను. క్రైస్తవుడు, మాట నెమ్మది. గడువు ఇంకా రెండు వారాలుండగానే గుండ్రటి అక్షరాలతో కార్డు రాసేవాడు. మూడేళ్లు అలాగే గడిచాయి.

నాలుగో ఏడు మా ఆఫీసులో ఒకడు నా చెవిలో ఊదాడు. రేటు ఒకటే అయినా ఏజెంటు తనకొచ్చే కమిషన్లో కొంత చాటుగా వెనక్కిస్తాడట, అడగనివాడిదే తప్పట. మూడేళ్లుగా నేను అడగలేదు. ఆ రోజంతా ఫైలు మీద మనసు నిలవలేదు. సాయంత్రం నేరుగా టీచరు ఇంటికి వెళ్లి, అందరూ ఇస్తున్నారట, మీరెందుకివ్వరని అడిగేశాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"అది నా కష్టం నాయనా. నీ జీతంలో నాకింత ఇయ్యమని నేనెప్పుడన్నా అడిగినానా?" అన్నాడు.

న్యాయమైన మాటే. అందుకే నాకు ఇంకా కోపం వచ్చింది. లేచి వచ్చేశాను.

తిరుత్తణిలో నాకు దూరపు వరసకు బావ ఒకడు ఉండేవాడు. పాత్రల అంగడి నడుపుతూ, మరో కంపెనీకి ఏజెంటుగా కూడా ఉండేవాడు. అడగ్గానే పదకొండు రూపాయలు వెనక్కిస్తానన్నాడు. నేను లోలోపల గంతులేశాను. అయితే ఒక చిక్కు ఉంది. నా పాత పాలసీ గడువు, అరవవాళ్ల ఆషాఢమైన ఆడి నెల ఆరో తేదీతో తీరిపోతుంది. కంపెనీ మారితే అది కొత్త పాలసీ. బావ ఆడిలో కొత్త వ్యాపారం ఏదీ రాయడు. మా పక్క ఆడిలో పెళ్లి చెయ్యరు, ఇల్లు మారరు, కొత్త కాగితం మీద సంతకం కూడా పెట్టరు. ఆడి వెళ్లి ఆవణి పడగానే, మొదటి తేదీ పొద్దున్నే రా, మొదటి బోణీ నీదే అన్నాడు. ఇంటికొచ్చి చెబితే అమ్మదీ అదే మాట. పాతదాన్ని పొడిగించుకుంటే దోషం లేదు, కొత్తదైతే మాత్రం ఆవణి రావాల్సిందే.

నాకు మంచిరోజుల మీద నమ్మకం లేదు. పదకొండు రూపాయల మీద ఉంది. టీచరు దగ్గరికి పోయి పాతదాన్నే కట్టి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. ఆయన కార్డు వచ్చింది కూడా. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాను. ఇన్సూరెన్సు లేకుండా గడపాల్సింది ఇరవై అయిదు రోజులే కదా అనుకున్నాను.

ఏడో తేదీ పొద్దున బండి ఎక్కగానే తెలిసింది, ఇరవై అయిదు రోజులంటే ఎంతో. ఇప్పుడు ఎవరికైనా తగిలిస్తే ఆస్పత్రీ, కోర్టూ, నష్టపరిహారం అన్నీ నా నెత్తినే పడతాయి. మాకున్న ఎకరన్నర మడి దానికి చాలదు. అంతకుముందు కంటికి ఆనని మనుషులంతా రోడ్డు మీదికి వచ్చారు. ప్రతి ముసలివాడూ నా చక్రం కిందికే నడిచి వస్తున్నట్టు అనిపించేది. ఎద్దులబండి వెనక మైలు దూరం నత్తనడకన పోయేవాణ్ని, దాటబుద్ధి అయ్యేది కాదు. రాత్రి అన్నం సయించేది కాదు. బండి కొట్టంలో పెట్టి ఆఫీసుకు రైలెక్కితే, ఆడి మొక్కుకు తిరుత్తణి కొండకు కావడులు మోసుకుపోయేవాళ్లతో కాలు పెట్టే చోటు లేదు. నాలుగు రోజుల టికెట్టు లెక్క వేసుకుంటే నా లాభంలో సగం కరిగిపోయింది. మళ్లీ బండే తీశాను. ఓర్చుకోవడం నా జాతకంలో లేదు.

ఆ కొండ మీది స్వామి పండగ ఆడికృత్తిక వచ్చింది. మాది తిరుత్తణికి పది మైళ్ల దూరంలోని పల్లె. అమ్మ ఏటా బస్సులో పోయి కొండ ఎక్కేది. ఆ ఏడు మోకాళ్ల నొప్పి, బస్సులేమో క్రిక్కిరిసి ఉన్నాయి. బండి మీద తీసుకుపొమ్మంది. బండికి ఇన్సూరెన్సు లేదు, పండగ జనంలో కుదరదని చెప్పాను.

"స్వామి దగ్గరికి పొయ్యేదానికి ఇన్సూరెన్సు ఏమిటికిరా?" అంది.

టెంకాయ, కర్పూరం ఉన్న సంచి ఒళ్లో పెట్టుకుని, రెండు కాళ్లూ ఒకవైపు వేసుకుని వెనక కూర్చుంది. రోడ్డంతా కావడి భక్తుల పసుపు బట్టలే. అరోహరా కేకల మధ్య అంగుళం అంగుళం పోతున్నాను. అమ్మ వెనక నుంచి తనూ కేక వేస్తోంది. నేను బ్రేకు మీద నుంచి కాలు తీయడం లేదు. ఊరు ఇంకో రెండు ఫర్లాంగులు ఉందనగా, వెనక ఒక బస్సు ఆగకుండా హారన్ కొట్టింది. నాకు చిరాకేసి ఎడమకు తిప్పాను. ఫుట్‌రెస్టు ఒక కావడి మనిషి మడమకు కొట్టింది. అతను కావడితో సహా పక్కకు ఒరిగాడు. తోటివాళ్లు కావడిని పట్టుకున్నారు గానీ, అతను తారు మీద కూలబడ్డాడు.

నలభై ఏళ్లుంటాయి. నల్లగా, బక్కగా, కూలీ చేసుకునే మనిషిలా ఉన్నాడు. మడమ చీలి నెత్తురు కారుతోంది. చీలమండ చూస్తుండగానే వాచింది. తోటివాళ్లు అరవంలో నన్ను తిట్టడం మొదలుపెట్టారు. పది అడుగుల్లో పోలీసు ఉన్నాడు. కాగితాలు అడుగుతాడు, ఇప్పుడే అడుగుతాడు అనుకున్నాను. ఆ క్షణంలో నేను చూసింది పోలీసు లాఠీని. అతని కాలును కాదు. ఇది ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

అమ్మ దిగి, మోకాళ్ల నొప్పి మరిచిపోయి, అతని పాదాల మీద పడిపోయింది. కావడి ఎత్తినవాడు స్వామితో సమానం. తిట్టేవాళ్లు ఊరుకున్నారు. అతను ఏమీ అనలేదు. అనలేడు కూడా. మొక్కుగా ఒక బుగ్గలో గుచ్చిన సన్నటి వెండి శూలం రెండో బుగ్గలోంచి బయటికి వచ్చి ఉంది. అది తీసేదాకా మాట లేదు. తోటివాళ్ల భుజాలు పట్టుకుని లేచాడు. నడుముకున్న సంచిలోంచి వేళ్లతో విభూతి తీసి నా నుదుట పెట్టాడు. కళ్లలో నీళ్లున్నాయి. కోపమో నొప్పో నాకు తెలియలేదు. కావడి మళ్లీ ఎత్తుకుని ఆ కాలు ఈడ్చుకుంటూ కొండవైపు పోయాడు. పోలీసు లాఠీ ఊపి, బండి తియ్యమన్నాడు.

"స్వామే మన్నించినాడు, ఇంకేమి భయం?" అంది అమ్మ.

నాకు ప్రాణం లేచి వచ్చింది. నిజం చెప్పాలి, ముందు వచ్చింది సంతోషమే. దర్శనం లైనులో నిలబడ్డాకే, ఆ కాలితో అన్ని మెట్లూ ఎలా ఎక్కుతున్నాడన్న ఆలోచన వచ్చింది. అది ఇక నన్ను వదల్లేదు. అమ్మను ఒక మండపంలో కూర్చోబెట్టి కొండ దిగి, ప్రథమ చికిత్స పందిట్లో వెతికాను. కాలు చితికినవాళ్లు, బొబ్బలెక్కినవాళ్లు పదుల మంది ఉన్నారు. అందరివీ పసుపు బట్టలే. ఏ ఊరివాడో, ఏ పని చేస్తాడో, ఆ కాలితో రేపు పనికి పోగలడో లేదో తెలుసుకునే దారి లేదు. గంట తిరిగి ఆకలేసి ఇడ్లీ తిన్నాను.

ఆవణి మొదటి తేదీ పొద్దున్నే బావ అంగడికి పోయాను. బావ పసుపు బొట్టు పెట్టిన ఫారం ముందేసుకుని ఒక్కొక్క ప్రశ్నే చదువుతూ తనే నింపుతున్నాడు. బండి నంబరు, కొన్న సంవత్సరం అన్నీ చెప్పాను. ఇంతవరకూ బండితో ఎవరికైనా దెబ్బ తగిలిందా అని అడిగాడు. కలం ఎత్తి పట్టుకుని నా మొహం చూశాడు.

"లేదు" అన్నాను.

"అట్లయితే నేనిచ్చేదానిపైన కంపెనీ కూడా ఇంకొంచెం తగ్గిస్తాది, బావా. ఇన్నేండ్లుగా నీమీద ఎవురూ నష్టపరిహారం అడగలేదు గదా" అన్నాడు సంతోషంగా, ఫారం నా వైపు తిప్పుతూ.

ఆ తగ్గింపు వద్దని నేను అనలేదు. సంతకం పెట్టాను.